ఇల్లు సూళ్లూరుపేటలో, పని ఎన్నూరులో

(ఎన్నూరులో తెలుగు క్రైస్తవ యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా మన్నించమని అడగాలి. పదిన్నరకు మొదలు కావాల్సిన కూడిక మా వల్ల పదకొండు దాటింది. మేము సూళ్లూరుపేట నుంచి వచ్చాం. పొన్నేరి దాటాక బండి ఒక గూడ్సుకు దారిచ్చి నిలబడిపోయింది. ఎందుకు నిలబడింది, ఎప్పుడు కదులుతుంది అని మా పెట్టెలో ఎవరూ అడగలేదు. ఒకామె పూలు కట్టుకుంటూనే ఉంది. ఇద్దరు కుర్రాళ్ళు నిలబడే నిద్రపోయారు. ఈ దారిలో రోజూ తిరిగేవాళ్ళకు అది అలవాటే. ఇక్కడున్న వాళ్ళలో సగం మందికి మేము వివరించి చెప్పక్కర్లేదు కూడా.

ఈ రోజు మాట్లాడమన్న సంగతి మీకు తెలుసు. ఒక రాష్ట్రంలో ఇల్లు, ఇంకో రాష్ట్రంలో పని. కొందరు రోజూ రైలెక్కి వస్తారు. కొందరు ఇంట్లోనే కూర్చుని ల్యాప్‌టాప్‌లో వస్తారు. వాక్యం చెప్పడానికి ఇదేం అంశమని మా మిత్రుడొకాయన ఫోనులో అన్నారు. బైబిలు చేతిలో ఉన్నవాళ్ళకు ఇది కొత్త అంశం కాదు. అక్కడికి తరువాత వస్తాం.

తడ స్టేషను బోర్డు మీద పైన తెలుగు ఉంటుంది. తరువాతి స్టేషను ఆరంబాక్కం. దాని బోర్డు మీద పైన తమిళం. రాష్ట్రం మారిందనడానికి రైల్లో ఉన్న మనిషికి ఇంతకంటే గుర్తు లేదు. పొలాలు అవే, తాటిచెట్లు అవే, గట్టున మేసే గేదెలూ అవే. ఆరంబాక్కం తరువాత ఎళావూరు, గుమ్మిడిపూండి, కవరైపేట, పొన్నేరి, మీంజూరు, అత్తిపట్టు దాటి ఎన్నూరు. ఇక్కడ దిగేవాళ్ళు దిగితే మిగిలినవాళ్ళు తిరువొత్తియూరు, తండయారుపేట, ఆ పైన సెంట్రల్ దాకా పోతారు. సూళ్లూరుపేట నుంచి సెంట్రల్‌కు దాదాపు 80 కిలోమీటర్లు. నెలవారీ పాసు ఉంటే సీటుంది అనుకోవద్దు. పాసు ఉంటే నిలబడే హక్కుంది, అంతే.

ఆ బండిలో ఎవరుంటారు? అపార్టుమెంట్లలో హౌస్‌కీపింగ్ చేసే అమ్మలు, తాపీ పనివాళ్ళు, ఎన్నూరు, మణలి కర్మాగారాల్లో కాంట్రాక్టు కూలీలు, స్టాన్లీ ఆసుపత్రికి చూపించుకోను పోయేవాళ్ళు, నర్సింగ్ చదివే ఆడపిల్లలు, మెడలో కంపెనీ పట్టీ వేసుకున్న సాఫ్ట్‌వేర్ పిల్లలు. ఎదురు బండిలోనూ జనం ఉంటారు, అది మర్చిపోకూడదు. శ్రీసిటీ మొదలైనప్పటి నుంచి తమిళ పల్లెల నుంచి ఆంధ్రకు పనికి వచ్చేవాళ్ళూ పెరిగారు. శ్రీహరికోటకు వెళ్ళేవాళ్ళు ముందునుంచీ ఉన్నారు. కూలి వెతుక్కునే మనిషి రెండు వైపులా నడుస్తున్నాడు.

మరి ఇంత అవస్థ పడేకంటే ఎన్నూరులోనే ఒక గది తీసుకోవచ్చు కదా అని అడుగుతారు. మేమూ మొదట్లో అడిగేవాళ్ళం. జవాబు ఒకామె చెప్పింది. అక్కడ ఇల్లు సొంతం, చిన్నదైనా. అత్తగారు మంచంలో ఉంది. రేషన్ కార్డు అక్కడ, పింఛను అక్కడ, ఉపాధి హామీ జాబ్ కార్డు అక్కడ, ఓటు అక్కడ. పిల్లలు తెలుగులో చదువుతున్నారు. ఇక్కడ గది అద్దె, అడ్వాన్సు కట్టి, నీళ్ళు కొనుక్కుంటే జీతంలో ఏం మిగులుతుంది? ఆమె లెక్క సరైనది. రోజుకు నాలుగు గంటలు రైల్లో పోతాయని ఆమెకు తెలుసు. డబ్బు లేనివాళ్ళ దగ్గర ఖర్చుపెట్టడానికి మిగిలేది కాలమే.

కొంచెం వెనక్కి వెళ్దాం. ఈ దారి రైలుతో మొదలు కాలేదు. మన పక్కన నల్లగా, కంపుకొడుతూ పడి ఉన్న బకింగ్‌హాం కాలువ ఉంది చూశారా, దాని మొదటి ముక్క మద్రాసు నుంచి ఈ ఎన్నూరుకే తవ్వారు, 1806లో. కాక్రేన్ అనే దొర తవ్వించాడు గనుక కాక్రేన్ కాలువ అనేవారు. తరువాత దాన్ని పులికాట్ మీదుగా ఉత్తరానికి పొడిగించుకుంటూ పోయారు. నెల్లూరు సీమ బియ్యం, కట్టెలు, సున్నపు గవ్వలు పడవల మీద ఈ కాలువలోనే మద్రాసు చేరేవి. పడవ లాగేవాళ్ళు గట్టు మీద తాడు భుజానేసుకుని నడిచేవారు.

1876 నుంచి 78 దాకా వచ్చిన కరువులో, దాత కరువు అని మన పెద్దలు చెప్పుకునే ఆ రోజుల్లో, ప్రభుత్వం కరువు పని కింద ఈ కాలువను తవ్వించింది. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర మూడున్నర మైళ్ళ ముక్కను కాంట్రాక్టుగా తీసుకుని, ఆకలితో చచ్చిపోతున్న మాదిగ కుటుంబాలకు పని ఇచ్చాడు. మిగతా చోట్ల మేస్త్రీలు కూలి కొట్టేస్తుంటే అక్కడ తవ్విన మట్టికి సరిగా కూలి ముట్టిందని జనం దూరం నుంచి నడిచి వచ్చారు. పని ఇచ్చి బాప్తిస్మం ఇచ్చాడన్న మాట రాకూడదని, కరువు పని నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారన్నది మనం ప్రతి సంఘ చరిత్రలో చదివేదే. ఆ లెక్క మనకు నోటికి వస్తుంది. దాని వెనక ఉన్న మూడున్నర మైళ్ళ మట్టి పని గుర్తు రాదు. మన ముత్తాతలు క్రీస్తును ఎరిగింది కూలి సరిగా ముట్టిన చోట. ఈ సంగతి మేము థియాలజీ చదివిన చోట ఎవరూ ఇలా చెప్పలేదు. ఈ కాలువ గట్టున నిలబడ్డాకే మాకు తట్టింది.

అప్పుడంతా ఒకే మద్రాసు రాజధాని. నెల్లూరు నుంచి మద్రాసుకు పోవడమంటే పక్క రాష్ట్రానికి పోవడం కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వేరుపడింది. దానికోసం పొట్టి శ్రీరాములు గారు ప్రాణం విడిచింది ఈ మద్రాసు నగరంలోనే, మైలాపూరులో, 1952 డిసెంబరు 15న. మద్రాసు మనదేనన్న నినాదం నిలవలేదు. 1960 ఏప్రిల్ 1న సరిహద్దును మళ్ళీ సరిచేశారు. తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు వైపు కొన్ని ఊళ్ళు ఇటు వచ్చాయి. ఆ పొద్దున నిద్రలేచినవాళ్ళ ఇల్లు కదల్లేదు, పొలం కదల్లేదు, రాష్ట్రం మాత్రం మారింది. మదరాసు ఎవరిదన్న వాదన మళ్ళీ లేవదీయడం మా ఉద్దేశం కాదు. గీత కాగితం మీద పడింది, అన్నం మాత్రం ఎప్పట్లాగే ఆ గీతకు రెండు వైపులా పంచుకుని ఉంది. నీళ్ళు కూడా అంతే. 1983లో ఒప్పందం చేసుకున్నారు, 1996 నుంచి కృష్ణ నీళ్ళు కండలేరు మీదుగా కాలువలో సరిహద్దు దాటి పూండి చెరువుకు వస్తున్నాయి. వాటిని ఎవరూ ఆధార్ అడగలేదు.

ఇక 2020. మార్చి 22 జనతా కర్ఫ్యూ. ఆ మరుసటి రోజు నుంచి బండ్లు లేవు. మన సూళ్లూరుపేట బండి కూడా లేదు. అంతవరకు కనిపించని సరిహద్దు అప్పుడు మొట్టమొదటిసారి కంటికి కనిపించింది. ఆరంబాక్కం దగ్గర రోడ్డు మీద బారికేడ్లు. వేలూరు, చిత్తూరు మధ్యనైతే ఏప్రిల్ చివరి వారంలో రోడ్డుకు అడ్డంగా ఏకంగా సిమెంటు ఇటుకలతో గోడే కట్టేశారు. గొడవయ్యాక తీసేశారనుకోండి. కానీ గోడ కట్టాలన్న ఆలోచన ఎంత తొందరగా వచ్చిందో చూడండి.

మా సంఘంలో ఒక తల్లి, ఒక కొడుకు ఉన్నారు. పేర్లు చెప్పం. తల్లి తిరువొత్తియూరులో ఐదిళ్ళలో పాచిపని చేసేది. కొడుకును ఆ డబ్బుతోనే ఇంజనీరింగ్ చదివించింది. అతనికి పాత మహాబలిపురం రోడ్డులో ఒక కంపెనీలో ఉద్యోగం. ఇద్దరూ పొద్దున ఒకే బండి ఎక్కేవారు. ఆమె ముందు దిగిపోయేది. అతను సెంట్రల్ దాకా పోయి ఇంకో రైలు మారేవాడు. మార్చి మూడో వారంలో కంపెనీ అతని చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి ఇంటి నుంచి పని చేసుకోమంది. నెల తిరిగేసరికి జీతం పడింది. ఆ తరువాతి నెలా పడింది. తల్లికి మొదటి నెల ఐదిళ్ళలో రెండిళ్ళవాళ్ళు జీతం పంపారు. రెండో నెల ఎవరూ పంపలేదు. తప్పు పట్టడానికి మాకు నోరు రాదు, ఆ ఇళ్ళలోనూ ఉద్యోగాలు పోయినవాళ్ళున్నారు.

ఆమె కోసం కొడుకు ఈ-పాసుకు ప్రయత్నం చేశాడు. అడిగే కారణాలు పెళ్ళి, చావు, వైద్యం. పాచిపని అన్న కారణం అందులో లేదు. అక్టోబరులో చెన్నై లోకల్ రైళ్ళు కదిలినప్పుడు మొదట అత్యవసర సిబ్బందిని మాత్రమే ఎక్కనిచ్చారు. నవంబరు చివర్లో ఆడవాళ్ళకు రద్దీ లేని వేళల్లో అనుమతి ఇచ్చారు. పాచిపని వేళ పొద్దున ఆరున్నర. రద్దీ తగ్గాక బండెక్కితే గిన్నెలు ఎవరు తోముతారు? ఆ ఏడాది ఆమె ఊళ్ళో ఉపాధి హామీ పనికి పోయింది. పలుగు పట్టి ఇరవై ఏళ్ళయింది, చేతులు బొబ్బలెక్కాయి. జాబ్ కార్డు ఆంధ్రలో ఉంచుకున్నది ఆ రోజు అక్కరకొచ్చింది.

ఆ రోజుల్లో మా కూడికలు ఫోనులోనే. కాన్ఫరెన్స్ కాల్‌లో ప్రార్థన మనవులు అడుగుతుంటే ఆ అబ్బాయి అన్న మాట మాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. “అయ్యగారూ, నా పని తీగలో పోతోంది. మా అమ్మ పని తీగలో పోదు. ఇద్దరం ఒకే బండి ఎక్కేవాళ్ళం కదా” అన్నాడు. మేము వెంటనే ప్రార్థనలోకి వెళ్ళిపోయాం. జవాబు లేనప్పుడు పాస్టర్లు చేసే పని అదే. కళ్ళు మూసుకుంటే ఎదుటివాడి ముఖం కనిపించదు.

అలాగని ఇంటి నుంచి పని చేసేవాళ్ళు సుఖంగా ఉన్నారని అనుకోవద్దు. ఆ అబ్బాయికి రాత్రి పదకొండుకు మీటింగు. రెండు గదుల ఇల్లు, పక్క గదిలో నాయనమ్మ దగ్గు, కరెంటు పోతే హాట్‌స్పాట్, అదీ అయిపోతే మేడ మీద సిగ్నలు వెతుక్కోవడం. ఆఫీసులో ఉంటే ఇంటికి బయలుదేరే వేళ ఒకటుంటుంది. ఇంట్లో ఆఫీసు ఉంటే ఆ వేళ ఉండదు. ఆదివారం ఆరాధనలో ఫోను పక్కన పెట్టలేని పిల్లలను మేము చూస్తున్నాం. మరో వైపు, కాన్పు తరువాత ఉద్యోగం మానుకోవాల్సిన మా ఆడపిల్లలు ఇద్దరు ఈ వెసులుబాటు వల్లనే నిలబడ్డారు. ఇప్పుడు కంపెనీలు వారానికి రెండు రోజులో మూడు రోజులో రమ్మంటున్నాయి. చెన్నైలో గది తీసుకుంటే మూడు రోజులకు నెల అద్దె. తీసుకోకపోతే మళ్ళీ మన బండే.

అమెరికాలో మన తెలుగువాళ్ళకు ఈ తిప్పలు ఇంకో రకంగా ఉన్నాయి. ఎడిసన్‌లో ఇల్లు, న్యూయార్కులో ఉద్యోగం. అక్కడ రాష్ట్రాలకు వేరే ఆదాయపన్ను ఉంది. న్యూజెర్సీలో ఇంట్లో కూర్చుని పని చేసినా, కంపెనీ అవసరం కోసం కాక నీ వీలు కోసం ఇంట్లో ఉన్నావు గనుక ఆ రోజుల జీతానికీ పన్ను మాకే కట్టాలంటుంది న్యూయార్కు. ఇలాంటి తగాదా మీద న్యూహాంప్‌షైర్ రాష్ట్రం మసాచుసెట్స్ మీద సుప్రీంకోర్టుకే వెళితే, 2021లో ఆ కోర్టు కేసు తీసుకోలేదు. మనకు ఆ బాధ లేదు. జీతం మీద ఆదాయపన్ను కేంద్రానిదే. రాష్ట్రాలది వృత్తిపన్ను ఒకటే, రాజ్యాంగం 276వ అధికరణం ప్రకారం ఏడాదికి 2,500 రూపాయలు దాటకూడదు. అంటే పన్ను దగ్గర మన సరిహద్దు పలచన. హక్కుల దగ్గరకొచ్చేసరికి అదే సరిహద్దు చిక్కబడుతుంది. మేము అసలు మాట్లాడాలనుకున్నది ఇది.

ఓటుతో మొదలుపెడదాం. 2024లో తమిళనాడులో పోలింగు ఏప్రిల్ 19న. ఆ రోజు ఇక్కడి పనులు మూతపడ్డాయి, రోజుకూలీలైన మనవాళ్ళలో చాలామందికి ఆ రోజు కూలి పోయింది. ఆంధ్రలో పోలింగు మే 13న, సోమవారం. ఆ రోజు ఎన్నూరులో పనులు నడుస్తూనే ఉన్నాయి. ఓటు వేస్తే ఆ రోజు కూలీ పోయె. ప్రజా ప్రాతినిధ్య చట్టం 135బి సెక్షను ఏమంటుందో మీలో ఎంతమందికి తెలుసు? ఓటు హక్కు ఉన్న ఉద్యోగికి పోలింగు రోజు జీతంతో సెలవు ఇవ్వాలి. రోజుకూలీకి కూడా. మేము ఆ కాగితం అచ్చు తీసి ఒక కాంట్రాక్టరుకు చూపిస్తే ఆయన నవ్వి, “అది మీ రాష్ట్రంలో చూపించుకోండి సార్” అన్నాడు. అది కేంద్ర చట్టం అని చెప్పడానికి మాకు ఐదు నిమిషాలు పట్టింది. ఆయన ఒప్పుకోలేదు.

రేషన్ సంగతి కొంత మెరుగు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు వచ్చాక ఆంధ్ర కార్డు మీద ఇక్కడ బియ్యం తీసుకునే వీలుంది. వేలిముద్ర పడితే. రోజూ సిమెంటు కలిపే చేతికి వేలిముద్ర పడదు, అది వేరే కథ.

కులం సర్టిఫికెట్ సంగతి మన యువకులకు బాగా తెలుసు. తమిళనాడు ఎస్సీ జాబితాలో మొట్టమొదటి పేరే ఆది ఆంధ్ర. ఈ నగరం వీధులు ఊడ్చినవాళ్ళు, డ్రైనేజీలో దిగినవాళ్ళలో తరాల తరబడి మన తెలుగువాళ్ళున్నారు గనుకనే మన పేరు ఇక్కడివారందరికీ తెలుసు. కానీ ఆంధ్ర నుంచి ఈమధ్య వచ్చిన కుటుంబానికి ఆంధ్ర సర్టిఫికెట్ మీద ఇక్కడ రిజర్వేషను రాదు. ఒక రాష్ట్రపు ఎస్సీ ఇంకో రాష్ట్రంలో ఎస్సీగా రిజర్వేషను కోరలేడని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2018లో మరోసారి చెప్పింది. ఇక క్రైస్తవుడైతే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ముందే అడ్డం. ఆంధ్రలో బీసీ-సీ, ఇక్కడ బీసీ. రెండు రాష్ట్రాలకు రెండు గడులు. మనిషి ఒకడే, అతన్ని ఊరి చివరకు నెట్టిన కులమూ ఒకటే. రైలెక్కితే కులం మాత్రం దిగిపోదు. సూళ్లూరుపేటలో అడిగిన ప్రశ్ననే మీంజూరులో ఇల్లు అద్దెకు ఇచ్చేవాడూ అడుగుతాడు.

2023 డిసెంబరు మీ అందరికీ గుర్తుంది. మిచాంగ్ తుపాను వరదలో చమురు కొట్టుకొచ్చి కొసస్థలై ముఖద్వారమంతా నల్లబడింది. పడవలు, వలలు, మడచెట్లు అన్నిటికీ జిడ్డు. ఇక్కడి జాలరులు వారాల తరబడి వేటకు పోలేదు. మా వైపు నుంచి ఒక అక్క రోజూ వచ్చి ఈ వాగులో పట్టిన రొయ్యలు కొనుక్కుని, తట్టలో ఐసు వేసుకుని, బండిలో తీసుకుపోయి సూళ్లూరుపేట బజారులో అమ్మేది. ఆమె జీవనమూ ఆ నీళ్ళలోనే ఉంది. సాయం జాబితా రాసినప్పుడు ఇక్కడి కార్డు ఉన్నవాళ్ళ పేర్లే రాశారు. రాసినవాళ్ళను తిట్టి లాభం లేదు, వాళ్ళకిచ్చిన ఫారంలో ఆమెకు గడి లేదు. ఆంధ్రలో అడిగితే మీకు నష్టం జరిగింది తమిళనాడులో కదమ్మా అన్నారు. ఇద్దరూ చెప్పింది నిజమే. రెండు నిజాల మధ్య ఆమె తట్ట ఖాళీగా ఉంది.

ఆ చమురు ఇంకా ఆరకముందే, డిసెంబరు 26 రాత్రి అమ్మోనియా. సముద్రంలో గొట్టం పగిలి వాయువు లేచింది. పెరియకుప్పం, చిన్నకుప్పం జనం కళ్ళు మండుతూ, ఊపిరాడక, పిల్లలను ఎత్తుకుని చీకట్లో రోడ్డెక్కారు. ఎంతోమంది ఆసుపత్రిలో చేరారు. ముందు రోజే క్రిస్మస్. మన సంఘాల పిల్లలు కొత్త బట్టల్లోనే పరుగెత్తారు. రాత్రి ఒంటి గంటకు మాకు ఫోను. సెకండ్ షిఫ్టు దిగి, చివరి బండి తప్పిపోయి, ఎవరి గదిలోనో పడుకునే మన ఆంధ్ర కుర్రాళ్ళు ఆ రాత్రి ఎన్నూరులో ఎంతమంది ఉన్నారు? ఎక్కడ పడుకున్నారు? మాకు తెలియదు. సంఘం పుస్తకంలో వాళ్ళు లేరు, ఎందుకంటే సభ్యత్వం ఊళ్ళో ఉంది. ఊరి సంఘానికి వాళ్ళెక్కడ పడుకుంటారో తెలియదు. తెల్లవారేదాకా ఒక్కొక్కరికి ఫోన్లు చేస్తూ కూర్చున్నాం. ఒక కుర్రాడు ఏడున్నరకు ఎత్తాడు. ఫోను సైలెంట్‌లో పెట్టి నిద్రపోయాడట. అతను నవ్వుతున్నాడు, మాకు మాత్రం కాళ్ళు వణికాయి.

ఇప్పుడు వాక్యం దగ్గరకు వస్తాం. సొలొమోను దేవాలయం కట్టినప్పుడు ముప్పై వేల మందిని వెట్టికి పట్టాడు. వాళ్ళను పది వేల చొప్పున వంతులు వేశారు. ఒక నెల లెబానోనులో, రెండు నెలలు ఇంటి దగ్గర. 1 రాజులు 5వ అధ్యాయం. మేము చిన్నప్పటి నుంచి దేవాలయపు బంగారం గురించే విన్నాం, ఈ షిఫ్టుల పట్టిక మీద ప్రసంగం ఒక్కటీ వినలేదు. పక్క దేశంలో దేవదారు మానులు నరికిన ఆ పది వేల మంది భార్యలు ఆ నెల ఎలా గడిపారో గ్రంథకర్త రాయలేదు. కానీ 12వ అధ్యాయంలో ఆ వెట్టి మీద అధికారిని జనం రాళ్ళతో కొట్టి చంపారని రాశాడు. రాజ్యం రెండు ముక్కలైంది కూడా ఆ బరువు దగ్గరే.

అలా చీలిన రెండు రాజ్యాల మధ్య తిరిగినవాడు ఆమోసు. ఊరు తెకోవ, యూదాలో. గొర్రెలు కాసుకుంటూ మేడిపండ్లు ఏరుకునే మనిషి. పని పడింది బేతేలులో, ఇశ్రాయేలులో. అక్కడి యాజకుడు అమజ్యా అతన్ని ఏమన్నాడు? మీ యూదా దేశానికి పో, అక్కడే అన్నం సంపాదించుకో, ఇక్కడ మాట్లాడకు అన్నాడు. ఇది రాజుగారి చోటు అన్నాడు. మీ రాష్ట్రంలో చూపించుకోండి సార్ అన్న కాంట్రాక్టరు ఈ మాట ఎక్కడ నేర్చుకున్నాడో మాకు ఇక్కడ దొరికింది. బీదవాళ్ళను చెప్పుల జోడు కోసం అమ్ముతున్నారని ఆమోసు చెప్పింది అబద్ధమని అమజ్యా అనలేదు, గమనించండి. నీది ఈ ఊరు కాదు అన్నాడు, అంతే.

యెహోషువ 22 కూడా ఇంటికి వెళ్ళి చదవండి. రూబేనీయులు, గాదీయులు, మనష్షే అర్ధగోత్రంవారు యొర్దానుకు అవతల ఇళ్ళు కట్టుకున్నారు. యుద్ధం పని మాత్రం ఇవతల చేశారు. పని అయ్యాక ఇళ్ళకు పోతూ ఏటి దగ్గర పెద్ద బలిపీఠం కట్టారు. ఇవతలివాళ్ళు తిరుగుబాటనుకుని కత్తులు తీశారు. ఫీనెహాసు వెళ్ళి అడిగితే వాళ్ళు చెప్పిన జవాబులో ఒక తల్లిదండ్రుల భయం ఉంది. రేపు మీ పిల్లలు మా పిల్లలను చూసి, ఏరు అడ్డంగా ఉంది, మీకూ మా దేవునికీ ఏమిటి సంబంధం అంటారేమో, అందుకు సాక్షిగా దీన్ని కట్టాం, బలులకు కాదు అన్నారు. ఫీనెహాసు అంతదూరం వెళ్ళి, అడిగి, విన్నాడు. అందుకే ఆ రోజు కత్తులు ఒరల్లోకి పోయాయి.

మేము అడగకుండానే తీర్పు తీర్చినవాళ్ళం. ఇది చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ఎన్నూరు ఆరాధనలో ఒకామె ప్రతి ఆదివారం దీవెనకు ముందే లేచి పోయేది. ఒక వారం మేము పులిపీఠం మీద నుంచే, దేవుని దీవెన అక్కర్లేనివాళ్ళు వెళ్ళవచ్చు అన్నాం. జనం నవ్వారు. ఆమె తల వంచుకుని వెళ్ళిపోయింది. తరువాత రెండు నెలలు రాలేదు. మా ఇంటివారు వెళ్ళి కలిస్తే తెలిసింది. ఆ మధ్యాహ్నం బండి తప్పితే ప్లాట్‌ఫారం మీద రెండు గంటలకు పైగా కూర్చోవాలి. ఇంటి దగ్గర చూపులేని తల్లికి అన్నం పెట్టేవాళ్ళు లేరు. మేము వెళ్ళి ఆమెను క్షమించమని అడిగాం. అప్పటి నుంచి దీవెన ముందుకు జరిపాం. ప్రసంగం కూడా తగ్గించాం, అది చాలామందికి మేలే అయింది.

ఇప్పుడు మీతో పని. వెనక బల్ల మీద ఒక పుస్తకం పెట్టాం. సంఘ సభ్యత్వ పుస్తకం కాదు, కానుకల పుస్తకం కాదు. ఏ సంఘమైనా, అసలు సంఘమే లేకపోయినా, పేరు రాయండి. ఊరు ఏది, ఇక్కడ పని ఎక్కడ, కాంట్రాక్టరు ఎవరు, బండి తప్పితే ఎక్కడ పడుకుంటారు, ఇంటి దగ్గర ఎవరికి ఫోను చేయాలి, రక్తం గుంపు. ఈఎస్ఐ, పీఎఫ్ కోస్తున్నారో లేదో కూడా రాయండి. కోస్తూ నంబరు ఇవ్వనివాళ్ళున్నారు. 2020లో పార్లమెంటు చేసిన వృత్తి భద్రత కోడ్‌లో ఒక మంచి మాట ఉంది. కాంట్రాక్టరు తీసుకురాకపోయినా, తనంతట తాను పక్క రాష్ట్రం నుంచి వచ్చి, నెలకు 18,000 రూపాయల లోపు జీతానికి పనిచేసేవాడిని కూడా అంతర్రాష్ట్ర వలస కార్మికుడని ఒప్పుకుంది. 1979 చట్టంలో అది లేదు. కానీ రోజూ రైలెక్కి వచ్చి రాత్రికి ఇంటికి పోయేవాడు వలస కార్మికుడా కాదా అంటే, అతని దగ్గర ఏ కాగితమూ లేకపోతే జవాబు ఎదుటివాడి నోట్లోనే ఉంటుంది.

తమిళం, తెలుగు రెండూ రాయగల పిల్లలు ఎన్నూరులో ఉన్నట్టు ఇంకెక్కడా లేరు. 2006 చట్టం తరువాత బడిలో తమిళం చదివారు, ఇంట్లో తెలుగు మాట్లాడారు. తెలుగు చదవడం రాలేదని మీ అమ్మానాన్నలు బాధపడుతున్నారు, ఆ బాధ న్యాయమైనదే. అయితే ఇవాళ రొయ్యల అక్కకు రెండు రాష్ట్రాలకూ రెండు భాషల్లో అర్జీ రాయాలి. నెల్లూరు వైపు నుంచి వచ్చిన మాకు తమిళంలో సంతకం కూడా రాదు. ఇద్దరు ముగ్గురు కూర్చుంటే ఒక పూటలో అయ్యే పని. ఇంటి నుంచి పని చేసే మన సాఫ్ట్‌వేర్ పిల్లలు ఈ పేర్లన్నిటినీ ఫోనులో చూసుకునేలా ఒక పట్టిక చేసిస్తామన్నారు. ఇందాక చెప్పిన ఆ అబ్బాయే ముందుకొచ్చాడు. వాళ్ళ అమ్మ మళ్ళీ తిరువొత్తియూరులో మూడిళ్ళలో చేస్తోంది. వద్దమ్మా అని అతనంటే, నువ్వు కంపెనీ మారినప్పుడు చూద్దాంలే అంటోందట.

భోజనాలు సిద్ధంగా ఉన్నాయని సైగ చేస్తున్నారు. సూళ్లూరుపేట బండి పట్టుకోవాల్సినవాళ్ళు ముందు తినండి, మిగతావాళ్ళు వాళ్ళకు దారివ్వండి. పుస్తకం పక్కన పెన్ను దారంతో కట్టాం, పోయినసారి పెన్ను పోయింది. దీవెన ఇప్పుడే చెప్పేస్తాం, లేచి నిలబడండి.